పెండ్లి పిలుపులో లేని మాట

మానవ జీవితంలో వివాహం ఒక పవిత్ర ఘట్టం. ఏ మతస్థుల ఇంటనైనా, ఏ భాష మాట్లాడేవారి ఇంటనైనా పెండ్లి అనగానే పది ఊళ్ళ బంధువులు కదలి వస్తారు. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో ఒక ఇంట శుభకార్యం జరిగితే నాందేడ్ నుండి, బీదర్ నుండి, నిజామాబాదు నుండి, హైదరాబాదు నుండి చుట్టాలు రావడం అందరూ ఎరిగిన విషయమే. ఇప్పుడు దుబాయి, సౌదీ, కువైట్‌ల నుండి సెలవు పెట్టుకొని వచ్చే అన్నదమ్ములు, అమెరికా నుండి పిల్లాపాపలతో దిగే మేనమామలు కూడా ఆ వరుసలో చేరినారు. వీరందరికీ తెలుగువారు పంపే లగ్నపత్రికలో గాని, ఉర్దూవారు పంపే రుఖాలో గాని వధూవరుల పేర్లు ఉంటాయి. పెద్దల పేర్లు, చదువులు, హోదాలు ఉంటాయి. ముహూర్తం, విందు వేళ, ఫంక్షన్ హాలు పేరు ఉంటాయి. చివరన "మీ రాకను కోరువారు" అంటూ ఒక పొడవైన జాబితా ఉంటుంది. కాని అంతగా కోరిన ఆ రాక ఎట్లా జరగాలో, ఏ వేళకు బయలుదేరాలో, దారిలో ఎక్కడ ఆగాలో తెలిపే ఒక్క మాట అందులో కనిపించదు. ఆ లేని మాటను గురించియే ఈ వ్యాసం.

ఇది పుస్తకాలు చూచి కలిగిన ఆలోచన కాదు. మా ఇంట జరిగిన ఒక సంఘటన నాకు నేర్పిన పాఠం. కొన్ని సంవత్సరాల క్రిందట మే నెలలో మా మామూ కుమారుని నికాహ్ ఎల్లారెడ్డికి ఆవల ఉన్న ఒక గ్రామంలో నిశ్చయమైనది. బరాత్ కామారెడ్డి నుండి ఉదయం 8 గంటలకు బయలుదేరాలని పెద్దలు అనుకున్నారు. కాని పూల కారు రావడం ఆలస్యమైనది, బ్యాండువారు రావడం ఆలస్యమైనది, ఫోటోలు తీయడం ఆలస్యమైనది. 11 గంటలు దాటిన తరువాత బండ్లు కదలినవి. మగవారిలో చాలమంది ఒక డీసీఎం వ్యానులో నిలబడినారు. స్త్రీలను, పిల్లలను ఒక చిన్న బస్సులో కూర్చోబెట్టినారు. లింగంపేట సమీపంలో డీసీఎం టైరు పగిలినది. అది బాగయ్యేవరకు బస్సు కూడ రోడ్డు ప్రక్కన ఎండలో అరగంటకు పైగా నిలిచిపోయినది.

మా నానీమా వయస్సు అప్పటికే డెబ్బది దాటినది. మనుమని పెండ్లి కనుక జరీ చీర కట్టుకొని, దానిపైన నల్లని బురఖా ధరించి, వెనుక సీటులో కూర్చున్నది. గ్రామం చేరేసరికి ఒకటిన్నర అయినది. బస్సు దిగుతూనే ఆమె మాట తడబడినది. మా అమ్మను చూచి, ఎన్నడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచినది. చేయి పట్టుకొంటే ఒళ్ళు కాలిపోతున్నది. రెండడుగులు వేసి కూలబడినది. అదృష్టవశాత్తు పెండ్లికి వచ్చినవారిలో నర్సుగా పనిచేసే ఒక ఆమె ఉన్నది. ఆమె ఎవరి అనుమతికీ ఎదురుచూడక బురఖా తీయించి, నీడకు చేర్చి, బిందెలతో నీళ్ళు పోయించి, విసరమన్నది. 108 వచ్చేలోపల ఒంటి వేడి కొంత తగ్గినది. నానీమా బ్రతికినది. కాని ఆ తరువాత ఏ పెండ్లికీ గడప దాటలేదు.

నాలుగు రోజుల తరువాత నేను ఆమె మంచం ప్రక్కన కూర్చుండి, "బస్సులో నీళ్ళ సీసాలు ఉండినవి గదా, ఎందుకు త్రాగలేదు నానీమా?" అని అడిగితిని. ఆమె నవ్వి, "త్రాగితే దారిలో ఎక్కడ దిగేది బేటా? అంతమంది మగవాళ్ళ ముందు బండి ఆపమని ఎట్లా చెప్పేది? రాత్రి నుంచే నీళ్ళు మానుకున్నాను" అన్నది. అప్పుడు మా అమ్మను అడిగితిని. తానూ త్రాగలేదన్నది. మా ఖాలాను అడిగితిని. ఆమె కూడా అదే చెప్పినది. ఆ బస్సులోని స్త్రీలలో చాలమంది దాహాన్ని దాచుకొని కూర్చున్నారు. ఆ సంగతి ప్రయాణం ఏర్పాటు చేసిన మగవారిలో ఒక్కరికీ తెలియదు. ఎందుకనగా ఎవరూ అడుగలేదు.

ఆనాటి నుండి నాకు ఒక విషయం స్పష్టమైనది. ఎండాకాలపు పెండ్లి ప్రయాణంలో అతిథిని కూలదోసేది ఎండ ఒక్కటే కాదు. ఆలస్యం, బిగుతైన దుస్తులు, బండి ఎంపిక, అన్నింటికన్న మించి మరుగుదొడ్డి లేకపోవడం, ఇవి ఎండతో చేతులు కలుపుతాయి. ఎండను మనం ఆపలేము. తక్కినవన్నీ మన చేతిలో ఉన్నవే.

ఈనాడు సంపన్నులు గోవా సముద్రతీరంలోనో, బాలి, థాయ్‌లాండ్ వంటి చోట్లనో వివాహాలు జరిపించడం చూస్తున్నాము. అటువంటి పెండ్లికి పిలిచేవారు అతిథులకు ముందుగానే ఒక లేఖ పంపుతారని విన్నాను. అక్కడి వాతావరణం ఎట్లుంటుందో, ఎటువంటి బట్టలు తెచ్చుకోవాలో, ఏ మందులు వెంట ఉండాలో, విమానాశ్రయంలో ఎవరు కలుస్తారో అందులో వ్రాస్తారట. మంచిదే. కాని ఉష్ణమండలం అనేది ఎక్కడో సముద్రాల ఆవల లేదు. కర్కటరేఖ ఇరువది మూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద పోతుండగా మన కామారెడ్డి, ఎల్లారెడ్డిలు 18 డిగ్రీల పైచిలుకు అక్షాంశం మీద ఉన్నాయి. అనగా మనం ఉష్ణమండలం లోపలనే నివసిస్తున్నాము. బాలికి వెళ్ళే అతిథికి ఇవ్వవలసిన సలహా ఎల్లారెడ్డికి వచ్చే అతిథికి ఎందుకు అవసరం లేదు? చల్లని దేశం నుండి వచ్చిన దేహం మన ఎండకు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొన్న రాత్రి విమానం దిగినవాడు నేడు మిట్టమధ్యాహ్నం బరాత్ ముందు నృత్యం చేస్తే ఏమగునో ఊహించుకొనవచ్చు.

వడదెబ్బ అనేది వట్టి నీరసం కాదని మొదట తెలుసుకోవాలి. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరినప్పుడే వాతావరణ శాఖ వడగాలుల లెక్క తీస్తుంది. మన జిల్లాలో మే నెలలో ఆ అంకె దాటని సంవత్సరం అరుదు. దేహపు లోపలి వేడి 40 డిగ్రీలు, అనగా 104 ఫారన్‌హీట్ దాటి, మనిషి మాట తడబడినా, మనుషులను గుర్తుపట్టక పోయినా అది ప్రాణాపాయం. అప్పుడు చెమట పట్టినా, పట్టకపోయినా ఒకటే. చేయవలసిన పని నీడకు చేర్చడం, పై బట్టలు వదులు చేయడం, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరడం, మెడ, చంకలు, గజ్జల వద్ద తడిగుడ్డలో చుట్టిన మంచు ఉంచడం, 108కు చెప్పడం. స్పృహ సరిగా లేనివారి నోట నీళ్ళు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోగలవు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సహాయం ప్రకటించినది. ప్రభుత్వమే విపత్తు అన్నదానిని మనం "కొంచెం ఎండ తగిలినది" అని తేలికగా తీసివేయడం భావ్యం కాదు.

"మా కాలంలో ఈ జాగ్రత్తలు ఎక్కడివి? ఎడ్లబండ్లు కట్టుకొని పోలేదా?" అని పెద్దలు అనవచ్చు. వారి మాటను నేను కాదనను. కాని వారు ఎట్లా పోయినారో కూడా జ్ఞాపకం చేసుకోవాలి. ఎండాకాలంలో బండ్లు చల్లని పొద్దున గాని, వెన్నెల రాత్రి గాని కదిలేవి. దారిలో చెట్టు నీడ, బావి ఉన్నచోట ఎడ్లను విప్పేవారు. పెండ్లికూతురి ఊరు చేరగానే మగపెండ్లివారికి విడిది ఇచ్చేవారు. విడిది అనగా ఏమి? అతిథి కాళ్ళు కడుగుకొని, నడుము వాల్చి, బట్టలు మార్చుకొనే చోటు. ఎదుర్కోలు సమయాన బిందెలతో పానకం తెచ్చి ఇచ్చేవారు. బెల్లం, మిరియాలు, శొంఠి కలిపిన ఆ నీరు ఎండలో వచ్చినవారికి మొదటి చికిత్స. దక్కనులోని ముస్లిం కుటుంబాలలో పెండ్లికొడుకు ఊరేగింపునకు షబ్‌గష్త్ అని పేరు. షబ్ అనగా రాత్రి. అది రాత్రిపూట జరిగే ఊరేగింపు. వచ్చినవారికి మొదట అందేది షర్బత్. ఈ ఆచారాలు రెండు మతాలవే అయినా రెండింటి తెలివి ఒక్కటే. మనం పానకం బిందెను ఫోటో కొరకు మిగిల్చి, అది చేసే పనిని మరచినాము. షబ్‌గష్త్ అనే మాటను మిగిల్చి, ఊరేగింపును మధ్యాహ్నానికి మార్చినాము. కనుక నేను కోరేది కొత్తది కాదు. పెద్దల పద్ధతిలోని ప్రాణాన్ని తిరిగి తెచ్చుకొందామనియే నా మనవి.

పెండ్లిండ్లు ఎండాకాలంలోనే ఎక్కువగా ఎందుకు జరుగుతాయి? యాసంగి వరి కోత అయి చేతికి డబ్బు వచ్చేది అప్పుడే. బడులకు సెలవులు వచ్చేది అప్పుడే. వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో ముహూర్తాలు ఉంటాయి. ముస్లింల నెలలు చంద్రుని బట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏండ్లకు ఋతువులన్నీ చుట్టి వస్తాయి కనుక, రమజాను తరువాత షవ్వాల్ నెలలో చేసే పెండ్లి ఒకప్పుడు చలిలో, ఒకప్పుడు ఎండలో, ఒకప్పుడు వానలో పడుతుంది. కాలాన్ని మార్చుకోవడం అందరికీ సాధ్యం కాదు. కాని వేళను మార్చుకోవచ్చును. నికాహ్‌కు మిట్టమధ్యాహ్నమే కావాలన్న నియమం ఏదీ లేదు. అసర్ నమాజు తరువాత గాని, మగ్రిబ్ తరువాత గాని జరుపుకొనవచ్చును. హిందువుల ముహూర్తాలలో రాత్రివి, తెల్లవారుజామువి కూడా పంచాంగంలో ఉంటాయి. ఉన్న ముహూర్తాలలో చల్లని వేళది ఎన్నిక చేయమని పురోహితుని అడిగితే ఆయన కాదనడు. అడుగకపోవడమే మన లోపం.

ఇక ప్రయాణం చేసే అతిథి తెలుసుకోవలసిన సంగతులు. ఎల్లారెడ్డికి రైలు లేదు. సికింద్రాబాదు, నాందేడ్ వైపుల నుండి రైలులో వచ్చేవారు కామారెడ్డిలో దిగి, లింగంపేట మీదుగా సుమారు 40 కిలోమీటర్లు రోడ్డున పోవాలి. మెదక్ వైపు నుండి వచ్చేవారికి పోచారం మీదుగా దారి ఉన్నది. ఈ చివరి 40 కిలోమీటర్లే అందరూ తక్కువ అంచనా వేసే భాగం. రైలు 10 గంటలకు దిగితే బస్సు దొరికి, ఊరు చేరేసరికి మధ్యాహ్నమే. కనుక ఎండాకాలంలో ముందు రోజు సాయంత్రం చేరడం ఉత్తమం. అది కుదరకపోతే ఉదయం 9 గంటలలోపల గమ్యం చేరే విధంగా బయలుదేరాలి. 12 నుండి 4 వరకు రోడ్డు మీద ఉండరాదు. తిరుగు ప్రయాణం పొద్దు వాలిన తరువాతనే.

విదేశాల నుండి శంషాబాదులో దిగేవారిది మరొక చిక్కు. చాల విమానాలు అర్ధరాత్రి, తెల్లవారుజామున దిగుతాయి. వారిని తేవడానికి ఊరి నుండి పోయిన డ్రైవరు రాత్రంతా మేలుకొని ఉంటాడు. తెల్లవారకముందే 44వ నంబరు జాతీయ రహదారి మీద అతనిని కామారెడ్డి వైపు తరుముతారు. నిద్రమత్తులో కన్ను ఒక్క నిమిషం మూతపడినా చాలు. బంధువు రెండు గంటలు ఆలస్యంగా వస్తే పెండ్లి ఆగదు. డ్రైవరును నిద్రపోనిచ్చి బయలుదేరండి.

బట్టల విషయం స్త్రీలకు, పురుషులకు సమానమే. ప్రయాణం నూలుబట్టలలో చేయాలి. జరీ చీర, షేర్వానీ సంచిలో పెట్టుకొని అక్కడికి పోయిన తరువాత ధరించాలి. బురఖా ధరించేవారు వదులైన, పలుచని, లేతరంగు నూలుదానిని ఎన్నుకొంటే పర్దాకు లోటు రాదు, దేహానికి సుఖం. చక్కెరవ్యాధికి ఇన్సులిన్ తీసుకొనేవారు దానిని ఎండలో నిలిపిన కారులో వదలివేయరాదు. ఆ వేడికి మందు గుణం చెడుతుంది. మంచు పెట్టె లేకపోతే నీళ్ళు చల్లిన మట్టికుండలో భద్రపరచుకొనవచ్చును. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు ఎండాకాలపు ప్రయాణానికి ముందు డాక్టరును అడగాలి. దాహం వేసేవరకు ఆగక కొంచెం కొంచెంగా నీళ్ళు త్రాగాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే దేహంలో నీరు తక్కువైనదని గుర్తు. వెంట రెండు ఓఆర్ఎస్ పొట్లాలు ఉంచుకోవాలి. అవి దొరకకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కొలిచి కలుపుకొనవచ్చును. ఉప్పు కొలత మించరాదు.

విందును గురించి రెండు మాటలు. తెల్లవారి దించిన బిర్యానీ దేగ్ మధ్యాహ్నం 3 గంటల వరకు ఉండరాదు. మాంసపు వంటకం పొగలు తగ్గి గోరువెచ్చనైన తరువాత సాధారణంగా రెండు గంటలు, 40 డిగ్రీల ఎండలోనైతే గంటకు మించి బయట ఉంటే దానిని తినడం క్షేమం కాదు. డబ్బాలో కట్టి ఇంటికి పంపే ప్రేమను వేసవిలో మిఠాయికి పరిమితం చేయడం మంచిది.

ఇప్పుడు అన్నింటికన్న కఠినమైన విషయానికి వస్తాను. మన ప్రాంతంలో పెండ్లికి గాని, చావుకు గాని, జాతరకు గాని పది ఇండ్లవారు కలిసి పోవాలంటే మొదట అడిగేది డీసీఎం, ట్రాలీ ఆటో, ట్రాక్టరు. 2022 మే 8న ఏమి జరిగినదో మనం మరువరాదు. పిట్లం మండలం చిల్లర్గి గ్రామస్థులు మరణానంతర ఆచారం కొరకు ఎల్లారెడ్డి అంగడికి వచ్చి, ట్రాలీ ఆటోలో తిరిగి పోతుండగా నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి సమీపంలో లారీ ఢీకొని తొమ్మిది మంది మరణించినారు. దుఃఖంలో ఉన్నవారికే ఇంకొక దుఃఖం కలిగినది. సరుకుల బండిలో సీటు లేదు, పట్టుకొనే కమ్మీ లేదు. ఢీకొన్నప్పుడు మనుషులు ధాన్యపు బస్తాలవలె ఎగిరిపడతారు. అంతేకాదు, సరుకుల వాహనంలో ఎక్కిన ప్రయాణికునికి నష్టపరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీకి ఉండదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తీర్పు చెప్పినది. అనగా ప్రాణం పోయిన ఇంటికి బీమా డబ్బు కూడ రాకపోవచ్చును. పేదవారు ఖర్చు తగ్గుతుందని ఆ బండి ఎక్కుతారు. కాని 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రానికి చెందిన స్త్రీలకు టికెట్టు లేదు. బరాత్‌లో సగం మంది స్త్రీలే గదా. వారు బస్సులో పోతే మిగిలిన పురుషులకు ఒక చిన్న బస్సు అద్దెకు తీసుకోవడం అందరికీ భారం కాదు.

ఎండ సంగతి ఇట్లుండగా వాన సంగతి వేరు. 2025 ఆగస్టు 27, వినాయక చవితి నాడు, కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరిగి పడినది. రాజంపేట మండలం ఆరుగొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసినది. రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకొని పోయినది. జాతీయ రహదారి మీద వాహనాలు నిలిచిపోయినవి. పోచారం చెరువు కట్ట మీదుగా నీరు పొంగి మెదక్, ఎల్లారెడ్డిల మధ్య రాకపోకలు ఆగినవి. ఆ రోజు ఎవరైనా "ముహూర్తం దాటిపోతున్నది" అని వాగు దాటబోయి ఉంటే ఏమయ్యేది? పారుతున్న నీరు అడుగు లోతు ఉంటే చిన్న కారును తేల్చి తీసుకొనిపోగలదు. రెండు అడుగులైతే పెద్ద బండి కూడ నిలువదు. రోడ్డు మీద నీరు పారుతుంటే ఆగడమే తెలివి. వానాకాలపు పెండ్లికి పిలిచేవారు "వాగు పొంగితే రావద్దు, మీ దీవెన ఫోనులో చాలు" అని ముందే చెప్పడం మర్యాద.

పెండ్లికి వచ్చిన యువకులు మరునాడు నిజాంసాగర్, పోచారం చూడబోవడం వాడుక. చూడవలసినవే. మంజీర మీది నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ పేరు మన విద్యార్థులందరూ తెలుసుకొనదగినది. దోమకొండ కోట కూడ చూడదగినదే. దాని పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించినది. కాని జలాశయంలో ఈతకు దిగరాదు. ఒడ్డున నిలిచి చూచే నీటికి లోపల ఉన్న గుంత తెలియదు. పెండ్లి ఇంట చావు వార్త వినడం కన్న ఘోరం లేదు.

ఇంతవరకు చెప్పినది అతిథి జాగ్రత్త. కాని భారమంతా అతిథి మీద వేయడం న్యాయం కాదు. నీళ్ళు త్రాగుమని నానీమాకు చెప్పడం సులభం. ఆమె త్రాగగలిగే దారిని చూపవలసినది పిలిచినవాడు. కావున లగ్నపత్రికతో పాటు, రుఖాతో పాటు, ఒక చిన్న ప్రయాణపత్రం జతచేయాలని నా సూచన. అందులో ఇట్లా ఉండవచ్చును:

"కామారెడ్డి స్టేషనులో దిగే బంధువులకు ఉదయం 6 నుండి 8 వరకు వాహనం సిద్ధంగా ఉండును. లింగంపేటలో మా చుట్టాల ఇంట స్త్రీలకు ప్రత్యేక విశ్రాంతి వసతి, త్రాగునీరు కలవు. ప్రతి వాహనం అక్కడ తప్పక ఆగును. హాలులో దుస్తులు మార్చుకొనుటకు గదులు కలవు. మధ్యాహ్నం 12 నుండి 4 వరకు ప్రయాణం చేయవద్దని మనవి. వృద్ధులు, పసిబిడ్డల తల్లులు సాయంత్రపు విందుకు మాత్రమే వచ్చినను మాకు సంపూర్ణ సంతోషం. దారిలో ఇబ్బంది కలిగినచో ఈ క్రింది నంబరుకు తెలుపగలరు."

ఆ నంబరు పెండ్లిపెద్దది కారాదు. పెండ్లినాడు ఆయన ఫోను ఎత్తడు. ఆ పనికే నియమించిన ఒక యువకునిది, స్త్రీల కొరకు ఒక యువతిది, రెండు నంబర్లు ఉండాలి. పత్రంలోని "ప్రతి వాహనం అక్కడ తప్పక ఆగును" అన్న ఒక్క వాక్యం చాల పని చేస్తుంది. బండి ఆపమని ఎవరూ నోరు తెరచి అడుగనక్కరలేదు. అడుగనక్కరలేనప్పుడు రాత్రి నుండి నీళ్ళు మానుకోవలసిన పని లేదు.

శుభపత్రికలో ఇటువంటి మాటలు వ్రాయడం ఏమి మర్యాద అని కొందరు ఆక్షేపించవచ్చు. విశ్రాంతి వసతి అనే మాటలో అమర్యాద ఏమున్నది? ఆ వసతి లేక ఒక వృద్ధురాలు నడివీధిలో కూలిపోవడమే అమర్యాద. ఖర్చు ఎక్కువ అని మరికొందరు అనవచ్చు. బాణసంచాలో ఒక్క డబ్బా తగ్గిస్తే ఆ పత్రం అచ్చువేయవచ్చును. అచ్చు వద్దనుకొంటే ఫోనులో పంపవచ్చును. మనం ఇంటి గౌరవాన్ని, ఇజ్జత్‌ను, దీపాల తోరణంతో, వంటకాల సంఖ్యతో కొలుస్తున్నాము. వచ్చినవారందరూ క్షేమంగా ఇల్లు చేరినారా అన్నదే దానికి సరియైన కొలత అని నా అభిప్రాయం.

విద్యార్థి మిత్రులారా, ఇందులో మన కళాశాల చేయగలిగిన పని ఉన్నది. మన దగ్గర తెలుగు వ్రాయగలవారున్నారు, ఉర్దూ వ్రాయగలవారున్నారు. 2017 నుండి ఉర్దూ తెలంగాణ మొత్తానికి రెండవ అధికార భాష. రెండు భాషలలో ప్రయాణపత్రం నమూనా ఒకటి తయారుచేసి, రెండు పట్టణాల ముద్రణాలయాలకు, ఫంక్షన్ హాళ్ళకు ఇస్తే పెండ్లి పత్రిక అచ్చువేయించుకొనే ప్రతివారి కంట అది పడుతుంది. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి వరకు రోడ్డు వెంట స్త్రీలు దిగదగిన చోట్లు, పనిచేసే మరుగుదొడ్లు, మంచినీళ్ళు ఉన్న స్థలాలు నడచి చూచి ఒక పట్టిక వ్రాయవచ్చును. ఈ పని విద్యార్థినులు చేస్తేనే పట్టిక నమ్మదగినదిగా ఉంటుంది. మగపిల్లలు తాళం వేసిన తలుపును కూడ వసతిగా లెక్క వేస్తారు.

కళాశాల కమిటీ పెద్దలకు నా వినయపూర్వకమైన విన్నపం ఒక్కటే. ఏటా వేసవి సెలవులకు ముందు ఒక పూట వడదెబ్బకు ప్రథమ చికిత్స నేర్పించే తరగతి ఏర్పాటు చేయండి. ఆనాడు మా పెండ్లిలో రెండు వందల మంది ఉండగా ఏమి చేయాలో తెలిసినది ఒక్క నర్సుకే. ఆమె ఆ రోజు సెలవు దొరకక రాకపోయి ఉంటే ఈ వ్యాసం మరొక విధంగా వ్రాయవలసి వచ్చేది. ప్రతి పెండ్లికీ మన కళాశాల నుండి కనీసం ఒక విద్యార్థి పోతూనే ఉంటాడు. అతనికి ఆ విద్య వస్తే ప్రతి పెండ్లిలో ఒక రక్షకుడు ఉన్నట్లే.

వచ్చే నెలలో మా ఇంట మరొక పెండ్లి ఉన్నది. నికాహ్ మగ్రిబ్ తరువాత అని పెద్దలు ఒప్పుకొన్నారు. ప్రయాణపత్రం నేనే వ్రాసినాను. మా అమ్మ దానిని ఉర్దూలో చదివి నానీమాకు వినిపించినది. లింగంపేటలో బండి తప్పక ఆగును అన్నచోట నానీమా ఇంకొకసారి చదువుమన్నది. విన్న తరువాత, "అయితే నా చెప్పులు బాగు చేయించు బేటా" అన్నది.